కొత్త ఏరియాలో మంచి భోజనం హోటల్ పట్టుకోవడం ఎలా?

"అన్నా, నిజాంపేటకి మారాం. ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. నిజాంపేట బదులు ఒకసారి ఉప్పల్, ఇంకోసారి మణికొండ, నల్లగండ్ల. ప్రశ్న మాత్రం అదే. మొదట్లో తెలిసిన పేర్లు చెప్పేవాణ్ణి. ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ ఫోన్ వచ్చేది: "నువ్వు చెప్పావని వెళ్తే చారు నీళ్లలా ఉందన్నా." నేను తిన్నప్పుడు బాగానే ఉండేది. మధ్యలో వంటమాస్టర్ వెళ్లిపోయాడు, అంతే. బోర్డు అదే, ఓనర్ అతనే, రుచి మాత్రం మాస్టర్‌తో పాటు బస్సెక్కింది. అందుకే పేర్లు చెప్పడం మానేశాను. వెతికే పద్ధతి చెప్తాను, మీ ఏరియాలో మీరే పట్టుకోండి.

హైదరాబాద్ ఎంత పెద్ద ఊరైనా, రోజూ బయట తినేవాడికి పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగినంతే ఊరు. ఎండాకాలం అయితే అది ఐదు నిమిషాలకి తగ్గుతుంది. ఆ లెక్కన మీ కాలనీ ఒక చిన్న పట్నం. అందులో భోజనం పెట్టే చోట్లు నాలుగో ఐదో ఉంటాయి, వాటిలోంచి ఒకదాన్ని ఏరుకోవాలి.

ఇది బిర్యానీ గురించి కాదు. దాని మీద ఈ ఊళ్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక తీర్పు రెడీగా ఉంటుంది. మనం వెతికేది వారానికి ఐదు రోజులు తిన్నా కడుపు విసుక్కోని అన్నం, పప్పు, చారు.

కావలసినవి

మూడు మధ్యాహ్నాలు. ఒకటి మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా సరే. ఒకటి సోమవారం. ఒకటి బాగా ఆలస్యంగా, రెండున్నర దాటాక.
మూత గట్టిగా పడే స్టీలు క్యారియర్ ఒకటి.
ఫోన్‌లో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ (హోటల్ లైసెన్స్ చూడటానికి, ఫిర్యాదు చేయడానికి).
మామూలు ఆకలి. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వెళ్తే ఏది పెట్టినా అమృతంలాగే ఉంటుంది, పరీక్ష పాడవుతుంది.
వీలైతే ఒక తోడు. ఇద్దరైతే ఒకరు వెజ్, ఒకరు నాన్‌వెజ్ చూడొచ్చు. పదిమందితో మాత్రం వెళ్లకండి. సప్లయర్లు హడావుడి పడతారు, మీరు కబుర్లలో పడతారు.

1. అడగాల్సినవాళ్లని అడగండి, అడగాల్సినట్టు అడగండి

"ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే హైదరాబాద్‌లో ఎవరైనా బిర్యానీ హోటలే చూపిస్తారు. వాళ్ల తప్పు లేదు, ఇక్కడ ఆ మాటకి అర్థం అదే. "మీరు రోజూ మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడగండి. జవాబు మారిపోతుంది.

ఎవర్ని అడగాలి? ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకోనివాళ్లని. మెడికల్ రెప్‌లు, కొరియర్ బాయ్స్, ఊరి నుంచి ట్రాన్స్‌ఫర్‌పై వచ్చి ఒంటరిగా ఉంటున్న బ్యాంకు ఉద్యోగులు, మెడికల్ షాపు కుర్రాళ్లు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, అశోక్‌నగర్ లాంటి చోట్ల అయితే కోచింగ్‌కి వచ్చిన పిల్లలు. నెలకింత అని లెక్క చూసుకుని తినేవాడు ఇచ్చే సలహాకి విలువ ఎక్కువ. ముగ్గుర్ని అడిగి, రెండుసార్లు వినిపించిన పేరు రాసుకోండి.

ఇంటి ఓనర్ని అడక్కండి. ఆయన ఇంట్లోనే తింటాడు.

2. ఆన్‌లైన్ రేటింగ్‌ని వడపోయండి

4.3 అని కనిపిస్తే అది ఎవరిచ్చిన 4.3 అని చూడండి. ఆదివారం ఫ్యామిలీతో వచ్చి స్టార్టర్లు, ఐస్‌క్రీమ్ తినిపోయినవాళ్ల స్టార్లు మీ బుధవారం భోజనానికి పనికిరావు. రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, గత రెండు మూడు నెలలవి మాత్రమే చదవండి. "మీల్స్", "పప్పు", "సాంబార్", "పెరుగు" అన్న మాటలు ఉన్న రివ్యూలు ఏరండి. హోటల్ వాళ్లు పెట్టిన ఫోటోలు వదిలేసి, తిన్నవాళ్లు తీసిన కంచాల ఫోటోలు చూడండి. అన్నం పలుకుగా ఉందో ముద్దగా ఉందో ఫోటోలోనే తెలిసిపోతుంది.

డెలివరీ యాప్‌లో ఒకే అడ్రస్ మీద మూడు నాలుగు పేర్లు కనిపిస్తే అది చాలావరకు ఒకే వంటగది. ఒక పేరుతో ఆంధ్రా భోజనం, ఇంకో పేరుతో నూడుల్స్, మరోదాంతో రోల్స్. అది నేరమేం కాదు. కాకపోతే పప్పు మీద మనసు పెట్టే మాస్టర్ అక్కడ ఉండే అవకాశం తక్కువ.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ఒక హోటల్ పేరు పడిందంటే చాలు, అదే పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించిన బోర్డులు ఊరంతా మొలుస్తాయి. బావర్చి అన్న బోర్డు కనిపించిన ప్రతిచోటూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ హోటల్ బ్రాంచి అనుకోకూడదు కదా. "సుప్రసిద్ధ", "ఒరిజినల్", "పాత" అన్న మాటలకి మార్కులు వేయకండి.

3. లోపలికి వెళ్లేముందు ఐదు నిమిషాలు బయట నిలబడండి

మొదటిసారి మంగళవారమో బుధవారమో పన్నెండూ ముప్పావుకి వెళ్లండి. అప్పటికి అన్నీ దిగి ఉంటాయి, ఏదీ అయిపోయి ఉండదు.

ఎవరు తింటున్నారో చూడండి. ఒంటరిగా వచ్చి, మెనూ అడక్కుండా కూర్చుని, ఫోన్ చూసుకుంటూ తింటున్నవాళ్లు సగంమంది ఉంటే మంచి గుర్తు. వాళ్లు రోజూ వచ్చేవాళ్లు.

ఈరోజు కూరలు పలక మీద రాశారా? సుద్దతో రాసిన నాలుగైదు పేర్లు, నిన్నటివి తుడిపిన మరక, ఆ రెండూ ఉంటే అక్కడ పొద్దున కూరగాయలు చూసి వంట నిర్ణయిస్తున్నారన్నమాట. ఎనభై రకాలు అచ్చు వేయించిన మెనూ కార్డు కంటే ఆ పలకని నమ్మండి. పులస పులుసు ఏడాది పొడుగునా దొరుకుతుందని రాసి ఉంటే నవ్వుకుని పక్క హోటల్‌కి నడవండి. పులస గోదారికి వరద నీళ్లొచ్చే రోజుల్లోనే వస్తుంది.

తర్వాత చేతులు కడుక్కునే చోటు. వంటగదిలోకి మనల్ని రానివ్వరు, కానీ వాష్ బేసిన్ దగ్గరికి రమ్మంటారు. చాలాచోట్ల అంట్లు తోమేది దాని పక్కనే. తోమిన కంచం మీద వేలితో రాసి చూడండి. జిడ్డు తగిలితే సబ్బు నీళ్లు పొద్దున్నుంచి మార్చలేదని అర్థం. బల్ల తుడిచిన గుడ్డ వాసన బల్ల మీదే ఉండిపోతే అదీ ఒక జవాబే.

ఏసీ ఉందా, కుర్చీలు కొత్తవా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

4. మామూలు మీల్స్ చెప్పండి, ఈ వరసలో తినండి

స్పెషల్ మీల్స్, బుట్ట భోజనం, మినీ మీల్స్ ఏవీ వద్దు. ప్లేట్ భోజనమో ఫుల్ మీల్సో, బోర్డు మీద అన్నిటికంటే మామూలుగా ఉన్నది చెప్పండి. కూరలో మసాలా ఎన్ని తప్పులనైనా కప్పేస్తుంది. కప్పలేని వాటితో మొదలుపెట్టాలి.

తెల్లన్నం. ఏమీ కలపకుండా ఒక ముద్ద నోట్లో పెట్టుకోండి. పాత బియ్యమైతే మెతుకు మెతుకు విడిపోతుంది. కొత్త బియ్యమైతే కొంచెం ముద్దవుతుంది, సంక్రాంతి ముందూ వెనకా చాలాచోట్ల అలాగే ఉంటుంది, దానికి తప్పు పట్టకండి. పనితెలిసిన మాస్టర్ ఎసరు తగ్గించి సర్దుకుంటాడు. పట్టాల్సిన తప్పు వేరు: పైన బిరుసెక్కి లోపల మాత్రమే వెచ్చగా ఉండటం, మెతుకుల మధ్య జిగురు, పులిసిన వాసన. వీటిలో ఏది కనిపించినా లేచి వచ్చేయండి, డబ్బులు పోతే పోయాయి. వండిన అన్నం చల్లారి గంటల తరబడి బయట ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. "వేడి చేసి తెస్తాను సార్" అన్నా ఒప్పుకోవద్దు.

అప్పడం. అన్నం తర్వాత వెంటనే ఇది కొరకండి. నూనె సంగతి దీనికంటే బాగా చెప్పేది లేదు, ఎందుకంటే అందులో దాచడానికి కారం లేదు, మసాలా లేదు. తెల్లగా పొంగి, వాసన లేకుండా ఉంటే నూనె బాగున్నట్టు. గోధుమరంగు తిరిగి, మాడిన జిడ్డు వాసనతో, మింగాక గొంతు గీరుకుంటే ఆ మూకుడులో నూనె చాలా రోజులుగా మరుగుతున్నట్టు. మరిగిన నూనెలో పేరుకునే పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి రూలుంది. మన దగ్గర కొలిచే మీటరు ఉండదు కాబట్టి అప్పడమే మీటరు. పైనుంచి నెయ్యి వేస్తే మాత్రం ఇదంతా తెలియదు, అందుకే నెయ్యి ఇప్పుడే వేయించుకోకండి.

పప్పు. గరిటెతో వేసిన నిమిషానికి పప్పు కిందికి, నీళ్లు పైకి విడిపోతే, వడ్డించే ముందు నీళ్లు కలిపి పెంచారన్నమాట. సబ్బులాంటి చప్పిడి రుచి తగిలితే తొందరగా ఉడకడానికి వంట సోడా ఎక్కువ వేశారు. పోపు వాసన విడిగా రావాలి. వెల్లుల్లి, ఎండుమిర్చి పప్పు మీదే కనిపించాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వేళ్లకి పసుపు రంగు అంటిందని "కలర్ వేశారు" అని గొడవ పడతారు. పసుపు కూడా వేళ్లకి అంటుతుంది కదా. సబ్బు రాయండి. మరక ఎర్రబడితే అందులో పసుపు ఉంది. అనుమానించాల్సింది చికెన్ కూరలో, ఫ్రైలో కనిపించే నిగనిగలాడే ఎరుపుని. కారం ఎంత వేసినా నూనె పైకి ఎర్రగా తేలుతుంది గానీ, ముక్క లోపలి దాకా గులాబీ రంగు ఎక్కదు.

చారు. నా మటుకు అసలు పరీక్ష ఇదే. చారు చౌక, ఎవరూ దానికోసం హోటల్‌కి రారు, బాగోలేకపోయినా ఎవరూ అడగరు. అయినా శ్రద్ధగా పెట్టాడంటే ఆ మాస్టర్‌కి పని మీద ప్రేమ ఉన్నట్టు. చింతపండు పచ్చివాసన పోయిందా? మిరియం గొంతులో కాస్త తగులుతోందా? కొత్తిమీర ఇప్పుడు వేసిందా, పొద్దున వేసి నల్లబడిందా? చాలాచోట్ల సాంబారులో నీళ్లు పోసి చారంటారు. రెండూ పక్కపక్కన వేయించుకుని తాగితే దొరికిపోతారు.

ఎస్సార్ నగర్‌లో ఓ గల్లీలో, మేడ మెట్ల కింద చెప్పులు విడిచి లోపలికెళ్లే మెస్ ఒకటుంది. ఆరు బల్లలు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను పెరుగు అడిగితే, వడ్డిస్తున్న పెద్దావిడ బకెట్ కింద పెట్టి, "అప్పుడే పెరుగేంటి బాబూ, చారు ఇప్పుడే దింపుతున్నాం, ఒక్క నిమిషం ఆగు" అంది. ఆగాను. పొగలు కక్కుతూ వచ్చింది. గరిటె ముంచేముందు ఆవిడ ఒకసారి అడుగు నుంచి కలిపి, కంచం అంచుకి కాకుండా అన్నం మధ్యలో గుంట చేసి పోసింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు గ్లాసులు చాపారు. ఆ హోటల్‌కి నేను తర్వాత నాలుగేళ్లు వెళ్లాను.

పెరుగు. కప్పు పెరుగైతే తేదీ చూసి తినేయండి, అందులో పరీక్షించేదేం లేదు. తోడుపెట్టిందైతే, మే నెల మధ్యాహ్నం రెండింటికి కాస్త పుల్లబడటం సహజం.

ఆవకాయ, కందిపొడి చూసి హోటల్‌కి మార్కులు వేయకండి. చాలామంది బయట నుంచి కొంటారు. ఆ రోజు నూరిన దోసకాయ పచ్చడో, బీరకాయ పచ్చడో ఉంటే మాత్రం లెక్కలోకి తీసుకోండి.

5. రెండోసారి సోమవారం, మూడోసారి ఆలస్యంగా

ఆదివారం చికెన్ ఎక్కువ వండుతారు. సోమవారం బోర్డు మీద చికెన్ రకాలు ఆదివారం కన్నా ఎక్కువ ఉంటే నేను ఆరోజు పప్పుతోనే సరిపెట్టుకుంటాను. నిరూపించలేను, నా అనుమానం నాది.

ఆలస్యంగా వెళ్లే రోజు రెండూ నలభైకి వెళ్లండి. అప్పుడు వినాల్సిన మాట "అయిపోయింది". బెండకాయ వేపుడు అయిపోయింది, కూర ఒకటే ఉంది, అన్నం పది నిమిషాలు పడుతుంది: ఇవన్నీ మంచి మాటలు. మూడింటికి కూడా పొద్దున రాసిన రకాలన్నీ నిండుగా ఉన్నాయంటే, అవి రాత్రికి కూడా ఉంటాయి, బహుశా రేపటికీ ఉంటాయి. వండినవి 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి. గిన్నెల కింద మంట గానీ వేడినీళ్ల తొట్టి గానీ లేకుండా మూత తీసి పెట్టిన కూరల దగ్గర ఆలస్యంగా తినొద్దు.

6. బిల్లు చూడండి

దీనికి అర నిమిషం చాలు. బిల్లు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. తర్వాతి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకి సాధారణంగా 36 ఉంటుంది. నంబరుని యాప్‌లో కొట్టి చూడండి. వచ్చిన పేరు, అడ్రస్ ఈ హోటల్‌వేనా? గడువు ఉందా? గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం పాత ఓనర్‌ది కూడా కావచ్చు.

మామూలు హోటల్‌లో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ స్కీమ్‌లో (అమ్మకాల మీద పన్ను ఓనరే తన జేబులోంచి కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ అయితే కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జ్ అని దానంతట అదే కలిపేస్తే తీసేయమనండి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది బలవంతంగా వేయకూడదు. వినకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

మెస్‌లో బిల్లే ఇవ్వకపోతే? టోకెన్ మాత్రమే ఇచ్చే మంచి మెస్‌లు చాలా ఉన్నాయి. అలాంటిచోట గోడ మీద నంబరు వెతకండి. అదీ లేకపోతే నిర్ణయం మీది.

7. తిన్నాక రెండు గంటలు గమనించండి

నాలుగింటికి మీరెలా ఉన్నారన్నదే ఫలితం. ఆగని దాహం వేస్తే ఉప్పు ఎక్కువ. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట వస్తే నూనె, కారం. మూడు భోజనాల్లో రెండుసార్లు ఇలా జరిగితే రుచి ఎంత బాగున్నా ఆ హోటల్ రోజూ తినడానికి కాదు, ఎప్పుడైనా వెళ్లడానికి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు ఓఆర్‌ఎస్, డాక్టరు. తర్వాత బిల్లు ఫోటోతో అదే యాప్‌లో ఫిర్యాదు. తెలంగాణలో ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ 2024 నుంచి హోటళ్ల తనిఖీల్లో ఏం దొరికిందో ఎక్స్‌లో ఫోటోలతో సహా పెడుతోంది. మీరు ఎంచుకున్న పేరు అందులో ఉందేమో ఒకసారి వెతకండి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్కడ పేరు లేదంటే శుభ్రంగా ఉందని కాదు, ఇంకా ఎవరూ చూడలేదని కూడా కావచ్చు.

నేను చేసిన తెలివితక్కువ పని

కొన్నేళ్ల క్రితం ఒక మెస్‌లో మొదటిరోజు గుత్తొంకాయ కూర తిని ఎంత మురిసిపోయానంటే, చేయి కడుక్కుని నేరుగా గల్లాపెట్టె దగ్గరికెళ్లి 30 భోజనాల కూపన్ పుస్తకం కొన్నాను. పది శాతం తగ్గింపు అన్నారు. తొమ్మిదో రోజుకి కూర రుచి మారింది. పదకొండో రోజు అడిగితే, మాస్టర్ పెళ్లికని ఊరెళ్లాడన్నారు. అతను తిరిగి రాలేదు. మిగిలిన 19 కూపన్లూ వాపసు తీసుకోమంటే "రూల్ లేదు సార్" అన్నారు. వాటిని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఇచ్చాను. రెండు వాడి మిగతావి అతనూ తిరిగి ఇచ్చేశాడు.

కాబట్టి మూడు భోజనాలూ అయ్యేదాకా కూపన్లు, నెలవారీ కార్డులు కొనకండి. కొన్నా పది దాటొద్దు.

దగ్గర్లో సరైన మెస్ లేకపోతే

అన్నం మీరు కుక్కర్‌లో పెట్టుకుని, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి. ఈ ఊళ్లో కర్రీ పాయింట్ లేని వీధి అరుదు. అక్కడ అడగాల్సింది ఒక్కటే: కూరలు ఎన్నింటికి వస్తాయి? పదకొండున్నరకి ఒకసారి, సాయంత్రం మళ్లీ ఒకసారి వండేచోటు మంచిది. రాత్రి ఎనిమిదికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం చూసిన కూరలే, అంతే ఎండిన పైపొరతో ఉంటే వద్దు. సలసల కాగే సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకండి. క్యారియర్ తెచ్చుకోమన్నది అందుకే. క్యారియర్‌తో వెళ్తే ఒక గరిటె ఎక్కువ కూడా పడుతుంది, కవరైతే ముడి వేయడానికి చోటు చూసుకుని పోస్తారు.

చేతిలో డబ్బులు తక్కువున్న నెలల్లో జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) 5 రూపాయల భోజనం ఉంది. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. పరిమితంగా వస్తుంది, మధ్యాహ్నం త్వరగా వెళ్లాలి.

మంచి మెస్ దొరికాక కూడా నెలకోసారి చారు ఒక్కటీ శ్రద్ధగా రుచి చూడండి. తేడా తగిలితే ఓనర్ని కాదు, వడ్డించేవాళ్లని మెల్లగా అడగండి, "మాస్టర్ మారాడా?" అని. అవునంటే మళ్లీ అప్పడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.